సెటిల్ స్టేషన్ నీళ్ల ట్యాంకు: ఇది పోత ఇనుమా, ఉక్కా? కాపురం పెడితే కాపాడినట్టేనా?

చలిదేశం:
అందరికీ నమస్కారం. ఉండేది ఇంగ్లండులో లీడ్స్, ఊరు తెనాలి. అమ్మానాన్న ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. ఇంతవరకూ సూపర్ మార్కెట్లు తప్ప ఏమీ చూపించలేదని ఇంట్లో ఒకటే టెన్షన్. దాంతో మొన్న శనివారం సెటిల్–కార్లైల్ లైను రైలెక్కించి, సెటిల్‌లో దించాను.

స్టేషన్ పక్కనే ఒక కట్టడం. కింద రెండంతస్తుల ఎత్తు రాతిగోడలు. పైన కప్పు ఉండాల్సిన చోట పెద్ద ఇనప తొట్టి, పలకలు పలకలుగా బోల్టులేసి బిగించినది. నాన్న దాన్ని చూసి కదల్లేదు. "ఇది ఇంజన్ల ట్యాంకురా. మన తెనాలి స్టేషన్లోనూ ఉండేది" అన్నారు. పులిహోర డబ్బా మూత తీసి అమ్మ పిలుస్తూనే ఉంది, ఈయన మెడ ఎత్తి బోల్టులు లెక్కపెడుతూనే ఉన్నారు. ఇంతలో కింది గోడకి కిటికీలు, ఆ కిటికీలకి కర్టెన్లు కనబడ్డాయి. ఎవరో ఉంటున్నారు! నాన్న తేల్చుకోలేకపోయారు. "నీళ్ల ట్యాంకులో కాపురమేంట్రా?"

మూడు సందేహాలు. అది పోత ఇనుమా, ఉక్కా? అంత చిన్న ఊరికి అంత పెద్ద ట్యాంకు దేనికి? దాన్ని ఇల్లు చేసెయ్యడం మీకు సబబుగా అనిపిస్తోందా?

కిటికీసీటు:
భలే చోటికి వెళ్లారు అన్నా. నేను కుళ్లుకుంటున్నాను, ఇది మాత్రం రికార్డులో రాసుకోండి.

ఆ లైను వేసింది మిడ్‌ల్యాండ్ రైల్వే. 1869లో పని మొదలైతే 1875లో గూడ్సు బళ్లు, 1876 మేలో పాసింజర్లు నడిచాయి. మొత్తం 72 మైళ్లు. మీరు చూసిన స్టేషన్, ట్యాంకు ఆ కాలానివే. ఇంకొంచెం ముందుకెళ్తే రిబుల్‌హెడ్‌లో 24 కమానుల వయాడక్టు, అంటే లోయ దాటించే పొడుగాటి వంతెన, వస్తుంది. నాన్నగారిని అక్కడికి కూడా తీసుకెళ్లకపోతే పాపం తగులుతుంది.

బ్రిటన్ మెయిన్ లైన్లో మామూలు స్టీమ్ సర్వీసులకు వీడ్కోలు చెప్పిన రైలు కూడా ఈ దారినే కార్లైల్ వెళ్లింది. తేదీ 1968 ఆగస్టు 11. టికెట్ ధర పదిహేను గినీలు (అక్కడి పాత డబ్బు లెక్క) కాబట్టి ఆ బండిని ఆ పేరుతోనే పిలుస్తారు. అది పోయాక ఈ ట్యాంకులకి పనే లేకుండా పోయింది.

బొగ్గుమసి:
బాబూ, రెండో సందేహం నాకు వదిలెయ్యండి. బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, డీజిల్ వచ్చాక డ్రైవరుగా రిటైరైన మనిషిని.

ఊరు చిన్నదా పెద్దదా అని ఇంజను చూడదు. బాయిలరుకి దాహమెప్పుడేస్తే అక్కడ నీళ్లుండాలి. బొగ్గు గురించే అందరూ మాట్లాడతారు గానీ బండిని ముందు ఆపేది నీళ్లే. బొగ్గు తక్కువైతే మెల్లగా ఈడ్చుకుంటూ పోవచ్చు. బాయిలరులో నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనబడకపోతే మాత్రం ఫైర్‌మన్ గుండె ఆగుతుంది. బొగ్గు మండే ఫైర్‌బాక్సు పైకప్పు మీద నీళ్లు లేకపోతే ఆ రేకు ఎర్రగా కాలి కుంగిపోతుంది. దానికి ముందు ఆ రేకులో బిగించిన సీసం ప్లగ్గు కరిగి, ఆవిరి మంట మీదకి దూకుతుంది. ప్లగ్గు పోయిన ఇంజన్ని షెడ్డుకి తెచ్చినవాడికి ఆ రోజు ఎవరూ టీ కూడా పొయ్యరు.

ఎక్స్‌ప్రెస్ ఇంజను మైలుకి ముప్పై నలభై గ్యాలన్లు తాగుతుంది. ఆ దేశంలో టెండరులో, అంటే ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండిలో, 3,500 గ్యాలన్లు పడతాయనుకుందాం. నలభై చొప్పున ఎనభై ఏడు మైళ్లొస్తుంది, అదీ చదునైన దారిలో. లీడ్స్ నుంచి కార్లైల్ ఎంత?

కిటికీసీటు:
113 మైళ్లు బాబాయ్. పైగా సెటిల్ దగ్గర నుంచి నూటికి ఒకటి చొప్పున ఎత్తు, సుమారు పదిహేను మైళ్లు ఏకబిగిన. ఆ ఎత్తుకి ఇంజన్ డ్రైవర్లు పెట్టిన పేరు "లాంగ్ డ్రాగ్".

బొగ్గుమసి:
చూశారా, సరిపోదు. అంత ఎత్తెక్కే ముందు నీళ్లు నింపుకోవాల్సిన చోటే ట్యాంకు పెట్టారు.

ఎత్తు ఎందుకో కూడా చెప్తా. పంపు రోజంతా కొంచెం కొంచెంగా తోడుతుంది. కానీ బండి ఆగేది నాలుగైదు నిమిషాలు. ఆ కాసేపట్లో టెండరు నిండాలంటే నీళ్లు పైనుంచి లావు గొట్టంలో దబ్బున పడాలి. అంటే ట్యాంకు పని దాచడం ఒక్కటే కాదు, దినమంతా తోడినదాన్ని ఐదు నిమిషాల్లో ఇచ్చెయ్యడం. ప్లాట్‌ఫారం చివర వాటర్ కాలమ్ ఉండేది, అడ్డంగా తిరిగే చెయ్యి, దాని కొసన తోలు సంచి. మా పిల్లలు ఏనుగు తొండం అనేవాళ్లు. నేను టెండరెక్కి ఆ తొండాన్ని లాగి లోపలికి దించితే, కింద డ్రైవరు చక్రం తిప్పేవాడు. నిండేది కనిపెట్టి అరవడం నా పని. ఒక్క క్షణం ఆలస్యమైతే నీళ్లు పొర్లి ప్లాట్‌ఫారం మీద టీ తాగేవాళ్ల నెత్తిన పడేవి. మే నెలలో తిట్టేవాళ్లు కాదు లెండి, ఇంకాస్త పొయ్యమనేవాళ్లు.

గోదారిగట్టు:
మీకు నీళ్లు ఎక్కువై పొర్లాయి. వాళ్లకి ఆ తొండమే గడ్డకట్టేది. చలికాలంలో కాలమ్ పక్కన బొగ్గుల కుంపటి పెట్టి రాత్రంతా కాసేవాళ్లట. ఇంజనుకి నీళ్లు, నీళ్లకి కుంపటి, కుంపటికి మనిషి. మనిషికి ఏం ఇచ్చేవాళ్లో.

బీడుపోత:
మొదటి సందేహం నా పేట. విజయవాడ ఆటోనగర్‌లో ఫౌండ్రీ. మేము పోత ఇనుమనం, బీడంటాం.

1876 నాటి పలకల ట్యాంకంటే బీడే. ఉక్కు చౌకై, రేకులుగా దొరికి, ట్యాంకుల్లోకి వచ్చేది తర్వాత. అప్పటికి చేతిలో ఉన్నవి రెండు, బీడు, చేత ఇనుము. చేత ఇనుముని సుత్తితోనో రోలర్లతోనో సాగదియ్యాలి, ఒక్కో రేకుకి అంత చాకిరీ. బీడైతే ఒక్క చెక్క నమూనా చాలు. దాన్ని ఇసకలో అచ్చుగుద్ది కరిగిన లోహం పోస్తే ఎన్ని పలకలైనా ఒకేలా వస్తాయి. చుట్టూ అంచు, అంచుకి బోల్టు చిల్లులు. బండిలో వేసుకెళ్లి ఊళ్లో బిగించుకోవడమే. మన పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటికల్లాంటి పని.

అతుకుల్లోంచి నీళ్లు కారకుండా ఏం చేసేవాళ్లో తెలుసా? రబ్బరు లేదు, సిలికాన్ లేదు. ఇనప రజను, నవాసాగరం, కాస్త గంధకం తడిపి, ఆ ముద్దని పలకల మధ్య సందులో ఉలితో దిట్టంగా కూరేవాళ్లు. కొద్ది రోజుల్లో ఆ రజను తుప్పుపట్టి, ఉబ్బి, రాయిలా గట్టిపడుతుంది. అంటే తుప్పుతోనే తుప్పుని ఆపారు. మా తాత పాత పంపుల అతుకులకి ఇదే వాడేవాడు. వర్క్‌షాపులో ఆ ముద్ద కలిపిన రోజు ఘాటుకి కళ్లు మండేవి.

బీముకాలమ్:
అన్నా, బీడు సంగతి మీరు చెప్పినంత ముద్దుగా లేదు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని, నాకు బీడంటే భయం. నొక్కితే ఏనుగులా మోస్తుంది, లాగితే పెంకులా పగుల్తుంది. పగిలేముందు వంగదు, సాగదు, ఒక్క హెచ్చరిక ఉండదు. 1847లో చెస్టర్ దగ్గర డీ నది మీద రాబర్ట్ స్టీఫెన్‌సన్ వంతెన బీడు దూలం విరిగి రైలు కింద పడింది, ఐదుగురు పోయారు. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే వంతెన కూలినప్పుడు కూడా బీడు స్తంభాలకి, కడ్డీలు బిగించడానికి పోసిన చెవుల దగ్గర తెగిందని తేలింది. అంటే సెటిల్ ట్యాంకు కట్టిన మూడేళ్లకే.

ఇప్పుడు ట్యాంకు లెక్క వినండి. నీళ్లు రెండు మీటర్ల లోతుంటే అడుగున చదరపు మీటరుకి రెండు టన్నుల తోపు. గోడ పలక బయటికి ఉబ్బుదామని చూస్తుంది. ఉబ్బితే దాని వెలుపలి ముఖం సాగాలి. అదే బీడుకి చేతకాని పని.

బీడుపోత:
అందుకేగా తమ్ముడూ లోపల కడ్డీలు! ఎదురెదురు గోడల్ని చేత ఇనుప కడ్డీలతో కలిపి బిగించేవాళ్లు. గోడ బయటికి పోదామంటే కడ్డీ లాగి పట్టుకుంటుంది. సాగే పని కడ్డీది, నిలబడే పని బీడుది. పలక వెనక పక్కటెముకలు కూడా పోసేవాళ్లు. వంతెనలో రైలు దడదడా పోతుంటుంది, గాలి ఊపుతుంది. ట్యాంకులో నీళ్లు కిక్కురుమనవు. కింద రాతిగోడ చుట్టూ ఆనుకుని మోస్తుంది. ఇంత పద్ధతిగా వాడితే బీడు తప్పేముంది?

బీముకాలమ్:
ఒప్పుకున్నాను, ట్యాంకుకి బీడు సరైన ఎంపికే. దూలానికి మాత్రం కాదు. కానీ నీళ్లు తియ్యగానే కథ ముగిసినట్టు కాదు. కడ్డీలు అడ్డంగా ఉన్నాయని ఎవరో కోసేసి, మళ్లీ ఏదో నింపారనుకోండి, అప్పుడు నాకు ఫోన్ చెయ్యొద్దు.

కిటికీసీటు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మమ్మగారి ఊరు స్టేషన్లో నాలుగు కాళ్ల మీద ట్యాంకు ఉంది. పలకలకి ఇంటూ గుర్తులాగా మూల నుంచి మూలకి ఉబ్బెత్తు గీతలున్నాయి. ఇదీ బీడేనా?

బీడుపోత:
కాదు. ఆ ఇంటూ గుర్తే దాని గుట్టు. అది రేకుని ప్రెస్సులో నొక్కి చేసిన ఉక్కు పలక, సాధారణంగా నాలుగడుగుల చదరం. బ్రెయిత్‌వైట్ ట్యాంకంటారు. ఇరవయ్యో శతాబ్దం సరుకు, మన స్టేషన్లలో ఎక్కువగా కనబడేది అదే.

బీడు పలక పట్టుకుంటేనే తెలుస్తుంది. మందంగా ఉంటుంది, మూలలు పదునుగా కాకుండా గుండ్రంగా తిరుగుతాయి, పైన ఇసక గరుకు కనబడుతుంది. అదృష్టం ఉంటే పోసిన కంపెనీ పేరో, సంవత్సరమో ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఇంకో పరీక్ష, చిన్న సుత్తితో తట్టండి. నికార్సైన పలక ఖంగుమంటుంది. పగులుంటే పగిలిన కుండలా బొదబొదలాడుతుంది. సంతలో కుండ తట్టి కొనే ముసలమ్మకి కూడా ఈ విద్య తెలుసు.

గోదారిగట్టు:
అన్నా, ఇంగ్లండులో ఎవరింటినో సుత్తితో తట్టమని సలహా ఇస్తున్నావు. వాళ్లు పోలీసుల్ని పిలిస్తే బెయిల్ నువ్వే ఇప్పించాలి.

పాతసామాను:
పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. మూడో సందేహానికి వస్తాను.

ఇల్లు చేసెయ్యడం సబబే అంటాను. ట్యాంకుకి నీళ్లే ఆయుష్షు. నిండుగా ఉన్నప్పుడు మనిషి రోజూ చూస్తాడు, కారితే తిడతాడు, రంగు వేస్తాడు. ఎండబెడితే ఎవడూ పైకెక్కడు. లోపల ఆకులు పడి కుళ్లుతాయి, వాన నిలుస్తుంది, చలిదేశంలో ఆ నీళ్లే గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బి పలకని చీలుస్తాయి. దశాబ్దాలు అలా వదిలేస్తే బీడు లోపలి ఇనుము కరిగిపోయి గ్రాఫైటు మిగులుతుంది. చూడ్డానికి ఆకారం అలాగే ఉంటుంది, చాకుతో గీస్తే పెన్సిలు ములుకులా గీతపడుతుంది. రాత్రి దీపం వెలిగించే మనిషి లోపలుంటే ఇవేవీ అంత దూరం రావు.

పగిలిన బీడుని మామూలుగా వెల్డింగ్ చెయ్యబోతే పక్కన ఇంకో పగులు పుడుతుంది. అందుకని కుట్లు వేస్తాం. పగులుకి అడ్డంగా చిల్లులు వేసి లోహపు చీలలు చల్లగానే కొట్టి బిగిస్తాం, నిజంగా బట్ట కుట్టినట్టే. ఇంకో జాగ్రత్త, పాత రంగులో సీసం ఉంటుంది. గీకి ఊదెయ్యకూడదు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

నా అనుభవం ఒకటి. పదేళ్ల క్రితం ఒక పాత మిల్లు ఆవరణలో బీడు ట్యాంకు ఉంది, కొలతలు తీసి పెట్టమన్నారు. కొలతలు ఇచ్చిన వారానికే తూకానికి అమ్మేశారు. వాళ్లకి కావాల్సింది బరువు లెక్కట! నా కాగితాలు చూసి తుక్కు వ్యాపారి రేటు కట్టాడు. అప్పటి నుంచీ "మ్యూజియం చెయ్యాలి, లేదంటే ముట్టుకోవద్దు" అనేవాళ్లంటే నాకు ఓపిక లేదు.

బొగ్గుమసి:
అమ్మా, మీ మాట కాదనను. కానీ నాకు మింగుడుపడట్లేదు. ఆ ట్యాంకు కింద నిలబడినవాడికి నీళ్ల చప్పుడు వినబడాలి. ఇప్పుడు టీవీ వినబడుతుంది.

పాతసామాను:
బాబాయ్‌గారూ, అదే లైనులో గార్స్‌డేల్ అని ఇంకో స్టేషన్ ఉంది. అక్కడి ట్యాంకు కింద రాతిగదిని నీళ్లున్న రోజుల్లోనే ఊరి హాలుగా వాడుకునేవాళ్లు. పైన ఇంజన్లకి నీళ్లు, కింద రైల్వే కుటుంబాల డాన్సులు, విందులు. ట్యాంకు కింద మనుషుల సందడి ఆ లైనుకి కొత్త కాదు.

కిటికీసీటు:
గార్స్‌డేల్ అన్నారు కాబట్టి ఊరుకోలేను. అక్కడ పట్టాల మధ్యన పొడుగాటి తొట్లు పరిచి నీళ్లు నింపేవాళ్లు. బండి ఆగకుండా, టెండరు కింద గరిటెలాంటిది దించి, వేగం మీదే నీళ్లు జుర్రుకునేది. 1907లో వేశారు. ప్రపంచంలో అంత ఎత్తున ఉన్న తొట్లు ఇంకెక్కడా లేవంటారు. శీతాకాలం గడ్డకట్టకుండా ఆవిరితో వేడిచేసేవాళ్లు. గాలి సంగతి ఇంకా చిత్రం, ఇంజన్ల దిశ మార్చే టర్న్‌టేబుల్ మీద పెట్టిన ఇంజన్ని ఈదురుగాలి పట్టుకుని గంటలకొద్దీ రంగులరాట్నంలా తిప్పిందని చెప్పుకుంటారు. తర్వాత దాని చుట్టూ పట్టాల కింద వేసే స్లీపర్లతో దడి కట్టారు.

1980లలో ఈ లైనునే మూసేస్తామన్నారు. వేలమంది అభ్యంతరాలు రాశారు. వాళ్లలో ఒక కుక్క కూడా ఉంది! పేరు రస్‌వార్ప్, పంజా ముద్ర వేసింది. 1989 ఏప్రిల్లో మూసివేత రద్దయింది. ఆ కుక్క కంచు బొమ్మ గార్స్‌డేల్ ప్లాట్‌ఫారం మీదే ఉంది.

గోదారిగట్టు:
మా హేవలాక్ వంతెనకి ఒక కుక్కని చూసిపెట్టండి ఎవరైనా. 1900 నుంచి 1997 దాకా రైళ్లని మోసింది. నడకదారి చేస్తాం, పర్యాటకం చేస్తాం అని అప్పటి నుంచీ వింటున్నాం. అద్దెకిస్తే నేనే కాపురం పెడతాను, గోదారి గాలికి కరెంటు బిల్లు కూడా మిగులుతుంది.

బీముకాలమ్:
ముందు నాతో స్టెబిలిటీ సర్టిఫికెట్ తీసుకో.

బొగ్గుమసి:
రాత్రి నిద్ర పట్టక మళ్లీ వచ్చాను. మా బిట్రగుంటలో ఒకప్పుడు తెల్లవారకముందే షెడ్డు ఈలతో ఊరు లేచేది. స్టీమ్ పోయాక ఊరు సగం ఖాళీ. నీళ్లలో ఉప్పెక్కువున్న స్టేషన్లలో బాయిలరు గొట్టాలకి సున్నంలా పొర పట్టేది. పొర పడితే వేడి నీళ్లకి అందదు, బొగ్గు దండగ. బాయిలరు కడిగే వాష్ అవుట్ రోజున ప్లగ్గులు విప్పి, లోపలికి పైపు పెట్టి, రేకులు రేకులుగా ఊడుతున్న ఆ తెల్లటి చెక్కుని నేనే బయటికి గీకేవాణ్ణి. అందుకే ఏ ఊరి ట్యాంకు నీళ్లు తియ్యనివో ఫైర్‌మన్లందరికీ నోటికొచ్చు. తియ్యటి నీళ్లున్న చోట తాగడానికి కూజా కూడా నింపుకునేవాళ్లం. ట్యాంకంటే నాకు ఆ రుచి. ఇనుముదేముంది.

పాతసామాను గారూ, దీపం వెలిగే ఇల్లే నయమన్నారు. సరే, మీ మాటే సరే. తూకానికి పోయేదాని కంటే నయం.

చలిదేశం:
ఇంత చర్చ జరిగాక ఇంట్లో కూర్చోలేం కదా. నిన్న మళ్లీ వెళ్లాం. ఈసారి నాన్న ఈ చర్చంతా ఫోనులో పెద్దక్షరాలు చేయించుకుని చదువుతూ వచ్చారు.

సుత్తి తీసుకెళ్లలేదు, గోదారిగట్టు గారు నిశ్చింతగా ఉండొచ్చు. గేటు బయట నుంచే చూశాం. పలకల మూలలు గుండ్రంగానే ఉన్నాయి, ఇంటూ గుర్తుల్లేవు. బీడే. ఒకచోట అతుకు కింద రాతి మీద తుప్పు చార దిగి ఉంది, నిమ్మకాయ పచ్చడి ఊట కారినట్టు. నాన్న దాన్ని చూపించి "నవాసాగరం ముద్ద" అన్నారు, తనే కూరినంత ధీమాగా. అది ముద్దో, ఉత్త తుప్పో నాకైతే తెలీదు.

అంతలో ఎక్స్‌కర్షన్ స్టీమ్ బండి ఒకటి పొగ కక్కుతూ పోయింది, ఆగలేదు. ఈ బళ్లు ఇప్పుడు నీళ్లు పట్టేది ఆపిల్‌బీలోనట. ఇంజను ట్యాంకుని దాటేటప్పుడు నాన్న ఇంజన్ని చూడలేదు. ట్యాంకునే చూస్తున్నారు. అమ్మ అడిగింది, "దాహమేస్తే పాపం ఎక్కడ తాగుతుంది?" అని. నేను ఆపిల్‌బీ దూరం వెతికేలోపు నాన్న ఈ ఫోరంలో బొగ్గుమసి గారి నంబరు దొరుకుతుందా అని అడిగారు.

బొగ్గుమసి:
ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను. మీ నాన్నగారిని రాత్రి తొమ్మిది తర్వాత చెయ్యమనండి, మనకి టైము తేడా ఉంది కదా. అదేంటి, మనకి తొమ్మిదంటే మీకు మధ్యాహ్నం. ఎప్పుడైనా చెయ్యమనండి.